ఆ బిల్లులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మందుల షాపు బిల్లు చూశాను. కోక్యూ10, మెలటోనిన్, విటమిన్ సి, విటమిన్ ఇ, ఎన్‌ఏసీ, పైగా ఏవో రెండు పొడులు. అండాలు పాడవకుండా అన్నీ వేసుకోమన్నారని రాశావు. బిడ్డ కోసం ఆరాటపడేవాళ్లకి ఎవరేం అమ్మినా కొంటారు, నిన్నేం అనను. కానీ పొద్దస్తమానం మైక్రోస్కోపు కింద అండాలు చూసేదాన్ని కదా, నా మాట కాస్త విను.

నీ ఎడమ ఓవరీలో ఉన్న చాక్లెట్ సిస్ట్ అంటే నెలనెలా కారి, బయటికి పోయే దారి లేక నిలవుండిపోయిన పాత రక్తం. అందులో ఇనుము పేరుకుపోతుంది. అది చుట్టుపక్కలకి ఊరి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది. పక్కనే ఎదిగే ఫాలికల్స్‌కి ఆ సెగ తగులుతుంది. అండానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతినొచ్చు, క్రోమోజోములు సరిగ్గా పంచుకోవడంలో తేడా రావొచ్చు. డాక్టరుగారు చెప్పిన ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఇదే. భయం ఉత్తిదేం కాదు. అలాగని నీ అండాలన్నీ చెడిపోయాయనీ కాదు. ఇలాంటి సిస్ట్ ఉన్నవాళ్ల అండాల నుంచి చక్కటి పిండాలు రావడం మాకు కొత్త కాదు.

ఇక మాత్రల సంగతి. అండాలు తక్కువగా ఉన్న చిన్నవయసు ఆడవాళ్లకి చైనాలో 60 రోజులు కోక్యూ10 ఇచ్చి చూశారు, 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అండాలు ఎక్కువ దొరికాయి, పిండాలూ మెరుగ్గా ఉన్నాయి. బిడ్డలు పుట్టడంలో మాత్రం గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2020లో వైద్య పరిశోధనలని సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు యాంటీఆక్సిడెంట్ల మీద 63 పరీక్షలు ఒకచోట పెట్టి చూసి, ఆధారాలు బలహీనమనే అన్నారు. కాబట్టి కోక్యూ10 ఒక్కటీ ఉంచుకో, అదీ డాక్టరుకి చెప్పి. పొడులు తీసేయ్. విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో రక్తాన్ని పలచన చేస్తుంది, సూదితో అండాలు తీసే ముందు అది మంచిది కాదు. అన్నట్టు, అంత బిల్లులో ఫోలిక్ యాసిడ్ లేదేంటి? రోజుకి 400 మైక్రోగ్రాములు, అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా అవసరం.

ఫాలికల్ చివరి ఎదుగుదలకి దాదాపు మూడు నెలలు పడుతుంది. అందుకని అండాలు తీయడానికి వారం ముందు మొదలుపెట్టిన మాత్ర దండగ. అలాగని మాత్రల కోసం ఐవీఎఫ్ వాయిదా వేయకు. నీకు 36 నిండాయి, ఆ వయసు ముందు ఏ క్యాప్సూలూ నిలవదు. మరిదిగారి సిగరెట్ మాత్రం ఈరోజే ఆగాలి. ఆ పొగ నీకూ తగులుతుంది, ఆయన వీర్యకణాలకీ తగులుతుంది.

మాత్రల కన్నా పెద్ద విషయం ఆపరేషన్. సిస్ట్ పొర ఒలిచేటప్పుడు దాంతోపాటు మంచి ఓవరీ కణజాలం కూడా ఊడొస్తుంది, అండాల నిల్వని చెప్పే ఏఎంహెచ్ పడిపోతుంది. ఫలితాలు మెరుగవుతాయని ఐవీఎఫ్ ముందు అందరికీ సిస్ట్ తీసేయొద్దని యూరప్ ఫెర్టిలిటీ నిపుణుల సంఘం ఎష్రే 2022లో స్పష్టంగానే చెప్పింది. భరించలేని నొప్పి ఉన్నా, స్కాన్‌లో అనుమానం తగిలినా, ఫాలికల్స్‌కి సూది అందకపోయినా అది వేరే సంగతి. చేయాల్సే వస్తే ముందు పిండాలు ఫ్రీజ్ చేయించుకోవడం గురించి అడుగు.

అండాలు తీసేరోజు మాకు ట్యూబులో వచ్చే ద్రవం మామూలుగా లేత గడ్డిరంగులో ఉంటుంది, కాస్త రక్తం కలిసి. సూది సిస్ట్‌లోకి వెళ్లిందా, ఒక్కసారిగా ముదురు గోధుమరంగు, జిగట. డిష్ అడుగు కూడా కనబడదు. అందులో అండాన్ని వెతికి పట్టుకుని, శుభ్రమైన మీడియాలో మళ్లీ మళ్లీ కడగాలి. ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. అందుకే సిస్ట్‌ని తప్పించి తీస్తారా అని ముందే అడగాలి. ఇంకో ప్రశ్న: ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ 5 శాతమేనా? బయటి గాలిలో 21 శాతం ఉంటుంది. ఒంట్లో పిండం పెరిగే చోట అంత ఉండదు. బయట అంత ఆక్సిజన్‌లో పెంచితే మళ్లీ అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. మంచి ల్యాబ్ ఈ ప్రశ్నకి నొచ్చుకోదు, టకీమని జవాబు చెబుతుంది. నీళ్లు నమిలితే ఇంకోచోట అడుగు.

సిస్ట్ తీసే లాప్రోస్కోపీకి తేదీ ఇచ్చారన్నావు. ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే ఏఎంహెచ్ రిపోర్టూ, స్కాన్ కాగితమూ నాకు పంపు.

నీ అక్క