ఒక బ్యాటరీ, ఒక తీగ, ఒక బల్బు

చిత్తూరు ప్రాంతములోని ఒక శిక్షణ కళాశాలలో ఛాత్రోపాధ్యాయులకు ఒక్కొక్క టార్చిలైటు బ్యాటరీ, చిన్న బల్బు, జానెడు రాగితీగ ఇచ్చి, "వెలిగించండి" అని మాత్రమే అన్నాము. విద్యుద్వలయమునకు నిర్వచనమడిగితే తడుముకోకుండా చెప్పగలవారే అందరూ. బల్బు మాత్రము వెలుగలేదు. తీగ రెండు కొసలను బ్యాటరీకే తగిలించిన వారి వేళ్ళు చుఱ్ఱుమన్నవి.

తెలుగు చెప్పుకొనే మాకు భౌతికశాస్త్రముతో పనియేమని పాఠకులు శంకింపవచ్చు. వలయమనే మాట మాది. అది అర్థమైనదో లేదో చూడవలసిన భారమూ మాదే కదా!

కొంతసేపటికి ఒక అమ్మాయి బల్బును కంటి దగ్గర పెట్టుకొని చూచినది. లోని సన్నని తీగకు ఒక కొస ప్రక్కనున్న లోహపు తొడుగుకు, రెండవ కొస అడుగున నున్న బొడిపెకు అంటియున్నవి. బొడిపెను బ్యాటరీ తలపై నిలిపి, బ్యాటరీ అడుగునుండి తీగను తొడుగునకు తాకించినది. వెలిగినది! విద్యుత్తు బల్బును చేరుట చాలదు, దాని గుండా పోయి తిరిగి రావలెనని ఆమె చెప్పగా విన్నాము.

ఆపై మరొక చిక్కు. బల్బు విద్యుత్తును "తినివేయునని" పలువురి నమ్మకము. రెండు బ్యాటరీలకు, ఒకే రకపు రెండు బల్బులను వరుసగా కలిపి, ఏది ఎక్కువగా వెలుగునో ముందే వ్రాయమన్నాము. మొదటిదని వ్రాసినారు. రెండూ సమానముగా వెలిగినవి. ప్రవాహము తరుగలేదు, బల్బులు పుచ్చుకొన్నది శక్తిని.

ఇది మన ప్రాంతపు లోపమే అనుకొనరాదు. 1997లో అమెరికాలో తీసిన ఒక చిత్రములో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పట్టభద్రులే ఈ బల్బు వద్ద తడబడినారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో లిలియన్ మెక్‌డెర్మాట్ బృందము ఉపాధ్యాయులకై రూపొందించిన పాఠక్రమము 1996లో గ్రంథముగా వెలువడినది. అందులో ఉపన్యాసములకు చోటు లేదు. ఊహించుట, చేసి చూచుట, కారణము చెప్పుట, ఇంతే.

మన కుప్పములోనూ 1999లో ఆరంభమైన అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వాహనములలో పల్లెబడులకు చేర్చుచున్నది. మెచ్చదగిన పని. అయితే సాయంకాలము వాహనము వెళ్ళిపోవును; మరునాడు పిల్లలకు మిగిలేది పంతులుగారే. ఆయన చేతికి ఏనాడూ తీగ చుఱ్ఱుమనకపోతే, పిల్లవాడు వేసే ప్రశ్న ఆయనకు అల్లరిగానే తోచును.

లేచి వచ్చునపుడు ఒక అబ్బాయి వినయముగానే అడిగినాడు: "సార్, పరీక్షలో దీనికెన్ని మార్కులు?" మా వద్ద జవాబు లేకపోయినది.