నిలబడిన బండి

విశాఖపట్నం రేవులో 2003లో కంటైనర్ల టెర్మినల్ మొదలయింది. కంటైనరు అంటే పెద్ద ఇనుప పెట్టె. కొన్ని 20 అడుగుల పొడవు, కొన్ని 40 అడుగులు. ఈ పెట్టెను మోసే చక్రాల చట్రమే ఛాసీ. దాన్ని లారీ ఇంజనుకు తగిలిస్తారు. పెట్టె జారకుండా మూలల్లో తాళాలు బిగిస్తారు.

రేవు దగ్గర ఒక ఇంట్లో అత్తా కోడళ్ళు ఉన్నారు. కొడుకు అప్పు చేసి ట్రైలరు లారీ కొన్నాడు. తనే నడుపుతాడు. ఒకరోజు భార్యతో, "వాయిదా కట్టాలి. నీ గొలుసియ్యి, తాకట్టు పెడతాను" అన్నాడు.

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె నోటు పుస్తకం తెచ్చింది.

"ఏటే అది?" అంది అత్త.

"బండి లెక్క అత్తా. వాయిదా, బీమా, పన్ను కలిపి నెలకి 45,000 రూపాయలు. అంటే రోజుకి 1,500. బండి తిరిగినా అంతే, నిలబడినా అంతే."

"నిలబడితే డీజిల్ మిగుల్తాది గదా?"

"డీజిల్ మిగుల్తాది. వాయిదా ఆగదు. పోయిన నెల గోదాముల కాడ 8 రోజులు బండి ఉత్తినే నిలబడింది. 12,000 రూపాయలు పోయాయి."

"వాళ్ళు సరుకు దించకపోతే నేనేం చేసేది?" అన్నాడు కొడుకు.

"బండి ఎన్ని గంటలకి చేరిందో, ఎప్పుడు ఖాళీ అయిందో కాయితం మీద రాయించు. సంతకం పెట్టించు. ఆలస్యమైతే హాల్టింగు ఎంతివ్వాలో కిరాయి ఒప్పుకున్నప్పుడే రాయించు."

"అవున్రా. నోటిమాట గాలికి పోతాది" అంది అత్త.

ఆ నెల గొలుసు తాకట్టు పెట్టక తప్పలేదు. కాని మరుసటి నెల బండి 3 రోజులే నిలబడింది. అందులో 2 రోజులకు హాల్టింగు డబ్బు వచ్చింది. గొలుసు ఇంకా విడిపించలేదు. కోడలు పుస్తకంలో టైర్ల లెక్కకు కొత్త పేజీ తీసింది. గాలి తక్కువైతే టైరు తొందరగా అరుగుతుంది. అందుకని గాలి చూసిన తేదీ కూడా రాస్తోంది.

తెలుసుకోండి

అమెరికాలో పూర్వం ఓడ కంపెనీలే ఛాసీలు ఇచ్చేవి. 2009 నుంచి ఒక్కొక్క కంపెనీ ఆ పని మానుకుంది. ఇప్పుడు అక్కడ చాలామంది లారీవాళ్ళు ఛాసీని రోజు అద్దెకు తీసుకుంటారు. తిరిగి అప్పగించేదాకా అద్దె పెరుగుతూనే ఉంటుంది.

ఆలోచించండి, రాయండి

1. బండి నిలబడినా ఆగని ఖర్చులు ఏవి?
2. రోజుకు 1,500 చొప్పున 5 రోజులకు ఎంత?
3. మీ ఇంట్లో ఆటో గాని, కుట్టుమిషను గాని అప్పు మీద కొన్నారా? పని లేని రోజున ఎంత నష్టం?