పెళ్ళిళ్ళ పేరయ్యను వెతికే కంప్యూటర్

పిల్లలూ! పెళ్ళిళ్ళ పేరయ్య అంటే ఎవరో తెలుసా? తెలియకపోతే అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. ఆయన రెండు కుటుంబాలను కలిపి పెళ్ళి కుదురుస్తాడు. తను మాత్రం ఎప్పటిలాగే ఉండి, మరో సంబంధం చూడడానికి బయలుదేరతాడు. రసాయనశాస్త్రంలో ఇలాంటి పని చేసే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. అది చర్యను త్వరగా జరిపిస్తుంది, తాను మాత్రం ఖర్చయిపోదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని పరమాణువులు జంటగా, గట్టిగా అతుక్కుని ఉంటాయి. అందుకే మొక్కలు దాన్ని నేరుగా వాడుకోలేవు. నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపితే అమ్మోనియా వస్తుంది. వరిచేలకు చల్లే యూరియాను దానితోనే చేస్తారు.

1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ఈ చర్యను చేసి చూపించారు. అయితే ఆయన వాడిన ఆస్మియం చాలా అరుదైన లోహం. చవకైన ఉత్ప్రేరకం కోసం ఆల్విన్ మిటాష్ బృందం 1912 నాటికి సుమారు 2,500 పదార్థాలతో 6,500 పరీక్షలు చేసింది! చివరికి పనికొచ్చింది మామూలు ఇనుమే, అందులో మరికొన్ని పదార్థాలు కొద్దిగా కలిపారు.

ఇన్ని పరీక్షలు చేయకుండా, ముందే లెక్క వేసి చెప్పలేమా? మంచి ఉత్ప్రేరకం నత్రజనిని మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు. మరీ వదులుగా పట్టుకుంటే ఆ జంట విడిపోదు. ఆ పట్టు ఎంతో కంప్యూటర్ లెక్క కట్టగలదు. మాలిబ్డినం పట్టు ఎక్కువ, కోబాల్ట్ పట్టు తక్కువ. రెండూ కలిస్తే సరిపోతుందని 2001లో డెన్మార్క్‌లో యెన్స్ నోర్స్‌కోవ్ బృందం లెక్కతో చూపించింది. ప్రయోగమూ అదే చెప్పింది.

కానీ ఇలాంటి ఒక్కో లెక్కకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకని 2020లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు 12 లక్షలకు పైగా లెక్కల ఫలితాలను అందరికీ అందుబాటులో పెట్టారు. వాటిని చూసి నేర్చుకున్న కంప్యూటర్, కొత్త పదార్థం పట్టును క్షణాల్లో అంచనా వేస్తుంది. ఎన్నో మామిడికాయలు చూసిన తాతయ్య కాయను చూడగానే పులుపో తీపో చెప్పినట్లన్నమాట. అయినా కోసి రుచి చూస్తేనే కదా నిజం తెలిసేది! ఆ రుచి చూసే చోటే ప్రయోగశాల.

ఈ శ్రమంతా ఎందుకు? అమ్మోనియా తయారీకి నేటికీ సుమారు 400 డిగ్రీల వేడి కావాలి. తక్కువ వేడిలో పనిచేసే ఉత్ప్రేరకం దొరికితే ఇంధనం మిగులుతుంది, గాలి శుభ్రపడుతుంది. దాన్ని కనుక్కునేది మీలో ఒకరు కావచ్చు!

కొత్త మాటలు: ఉత్ప్రేరకం, నత్రజని, పరమాణువు, అంచనా, ప్రయోగశాల.

జవాబులు రాయండి:
1. ఉత్ప్రేరకాన్ని పేరయ్యతో ఎందుకు పోల్చాం?
2. పట్టు మరీ ఎక్కువైతే ఏమవుతుంది?
3. కంప్యూటర్ చెప్పాక కూడా ప్రయోగం ఎందుకు చేయాలి?