డి డ్రైవ్ ఫార్మాట్ కొట్టే ముందు

క్విక్ ఫార్మాట్‌కి అర నిమిషం చాలు. దానికి ముందు చేయాల్సిన పనికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది. సోమవారం పొద్దున రిపోర్టు పెట్టుకుని ఆదివారం రాత్రి పదకొండింటికి ఈ పని మొదలుపెట్టకండి.

నాతో పనిచేసిన ఒక అకౌంటెంట్ ఇంటి కంప్యూటర్‌లో డి డ్రైవ్ నిదానించిందని ఫార్మాట్ కొట్టాడు. డాక్యుమెంట్స్, ఫొటోలు ముందే కాపీ చేసుకున్నాడు. టాలీ డేటా డి లోనే విడిగా ఇంకో ఫోల్డర్‌లో ఉంది, అది గుర్తు రాలేదు. నెల 20కి జీఎస్టీఆర్-3బీ వేయాలి, టాలీ తెరిస్తే కంపెనీల లిస్టు ఖాళీ. రికవరీ షాపువాడు కూడా చేతులెత్తేశాడు. అది ఎస్‌ఎస్‌డీ. ఫార్మాట్ చేయగానే విండోస్ ట్రిమ్ ఆదేశం పంపుతుంది, ఆ తర్వాత పాత డేటా దొరకడం దాదాపు కల్ల.

అతను చేయాల్సింది ఒకటే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డ్రైవ్‌కున్న అక్షరాన్ని తీసేసి నాలుగు రోజులు మామూలుగా పని చేసుకోవాలి. డేటా ఎక్కడికీ పోదు, కనపడదంతే. టాలీ, అవుట్‌లుక్, స్కానర్ ఫోల్డర్, దేనికి ఆ డ్రైవ్ కావాలో అదే ఎర్రర్ ఇచ్చి చెబుతుంది. అక్షరం మళ్లీ ఇచ్చి దాన్నీ కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య సరిచూసి, నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి, డి ఒకే వరుసలో ఉంటే అవి రెండు డిస్కులు కావు, ఒకే డిస్కులో రెండు భాగాలు. సి నుంచి డి కి కాపీ చేసి బ్యాకప్ ఉందనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. డిస్కును అక్షరంతో కాకుండా సైజుతో గుర్తుపట్టండి. 1 టీబీ అని కొన్నది 931 జీబీగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఫార్మాట్ నొక్కే ముందు బ్యాకప్ డ్రైవ్ కేబుల్ పీకేయండి. వీడియోల్లో చూపించే డిస్క్‌పార్ట్ క్లీన్ ఆదేశం జోలికి పోవద్దు. ఏ డిస్కు సెలెక్ట్ అయి ఉంటే దాన్ని తుడిచేస్తుంది, ఖాయమేనా అని ఒక్కమాట కూడా అడగదు.

ఫార్మాట్‌లో ఫైల్ సిస్టమ్ ఎంచుకోమన్నప్పుడు, డ్రైవ్ విండోస్‌లోనే వాడేదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లో కూడా పెట్టాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పాత హార్డ్ డిస్క్ మీద అనుమానం ఉంటే క్విక్ టిక్ తీసేయండి. గంటలు పట్టినా ప్రతి సెక్టారూ చూస్తుంది. టకటక చప్పుడు చేసే డిస్కుకి మాత్రం ఫార్మాట్ వైద్యం కాదు, మార్చేయాల్సిందే.

ఆఫీసు డేటా ఉన్న డ్రైవైతే ముందు ఐటీ వాళ్లకి ఒక మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే ముట్టుకోండి. బ్యాకప్ డ్రైవ్‌ని ఆ నెల క్లోజింగ్ అయ్యేదాకా ఖాళీ చేయకండి.