ఫొటోలు చూడటానికి ఏ మానిటర్ కొనాలి?



యాన్యువల్ డే ఫొటోలైనా, పిల్లల ఫొటోగ్రఫీ ప్రాజెక్టులైనా, ఇంట్లో పెళ్లి ఆల్బమైనా ఇప్పుడు కంప్యూటర్‌లోనే చూస్తున్నాం. "ఏ మానిటర్ తీసుకోమంటారు మేడమ్?" అని పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ అడుగుతుంటారు. మనం సాధారణంగా సైజు, ధర చూస్తాం. ఫొటోల కోసమైతే వాటికంటే ముందు ప్యానెల్ రకం చూడాలి.

ఎల్‌సీడీ మానిటర్‌లో వెనుక లైటు ఉంటుంది. ఆ వెలుగు ఎంత బయటికి రావాలో ముందున్న ద్రవ స్ఫటికాలు నిర్ణయిస్తాయి. అవి తిరిగే తీరును బట్టి ప్యానెళ్లు ముఖ్యంగా మూడు రకాలు.

టీఎన్: ధర తక్కువ, వేగం ఎక్కువ. కానీ తల కాస్త పైకీ కిందికీ జరిపినా రంగులు మారిపోతాయి. చాలా టీఎన్ ప్యానెళ్లు ఒక్కో మూల రంగులో 64 మెట్లే చూపుతాయి. 8 బిట్ ప్యానెల్ 256 మెట్లు, అంటే మొత్తం 1.67 కోట్ల రంగులు చూపుతుంది.

వీఏ: నలుపు చిక్కగా ఉంటుంది. కాంట్రాస్ట్ సుమారు 3000:1. సినిమాలకు బాగుంటుంది. పక్క నుంచి చూస్తే మాత్రం రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి.

ఐపీఎస్: పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. కాంట్రాస్ట్ సాధారణంగా 1000:1 కాబట్టి, చీకటి గదిలో నలుపు కొంచెం బూడిద రంగుగా అనిపిస్తుంది.

మన ఇళ్లలో ఫొటోలు ఒక్కరే చూడరు. ఒకరు కుర్చీలో, ఒకరు వెనుక నిలబడి, తాతయ్య పక్క నుంచి చూస్తారు. అందరికీ ఒకే రంగు కనిపించాలంటే ఐపీఎస్ మేలు. ఓఎల్ఈడీ ఇంకా బాగా చూపుతుంది కానీ ఖరీదు చాలా ఎక్కువ.

వివరాల్లో "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" ఉందో లేదో చూడండి. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించిన రంగుల ప్రమాణం ఇది. మామూలు డిజిటల్ ఫొటోలు ఎక్కువగా దీని ప్రకారమే ఉంటాయి. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే, అది ఎస్‌ఆర్‌జీబీలో దాదాపు మూడింట రెండు వంతులే. ఎరుపు, ఆకుపచ్చ పాలిపోతాయి.

రంగు తప్పితే నష్టమేమిటి? స్క్రీన్ ముఖాన్ని నల్లగా చూపితే మనం ఫొటోను తెల్లగా మార్చేస్తాం. ప్రింట్ తీసేసరికి ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది. అసలు ఫైల్ మీదే సేవ్ చేస్తే తిరిగి తెచ్చుకోవడం కష్టం. పైగా తప్పు స్క్రీన్‌దైతే, పాప తన రంగులోనే లోపం ఉందనుకుంటుంది. అందుకే కాపీ మీదే ఎడిటింగ్ చేయించండి.

షాపుకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో రెండు ఫొటోలు తీసుకెళ్లండి. ఒకటి పగటి వెలుగులో తీసిన ముఖం, రెండోది దీపావళి దీపాలది. ఎదురుగా, పక్క నుంచి, నిలబడి చూడండి. ముఖం రంగు మారకూడదు. జుట్టు నల్లటి ముద్దలా కాకుండా పోగులుగా కనిపించాలి. షాపులో "వివిడ్" మోడ్ ఉంటే "స్టాండర్డ్" లేదా "ఎస్‌ఆర్‌జీబీ"కి మార్చమనండి.

ఇంట్లో స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పెట్టండి. స్క్రీన్‌లోని తెలుపు ఆ కాగితమంత వెలుగుగా కనిపించేవరకు బ్రైట్‌నెస్ తగ్గించండి. ఫొటోలు చూసేటప్పుడు ఐ కేర్ మోడ్ ఆపండి, అది పసుపు ఛాయ తెస్తుంది.

ఈ నెల పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. ఒకే ఫొటోను ఫోన్, ల్యాప్‌టాప్, టీవీలలో చూసి, రంగుల్లో తేడాలను నోట్‌బుక్‌లో రాయమనండి. రాసినది క్లాసుకు తెస్తే అందరం కలిసి చర్చిద్దాం.