ఆయాసం లేనినాడు వాడవలసిన మందు

తెలుగులో ఉబ్బసమనీ, ఉర్దూలో దమా అనీ వ్యవహరించే ఈ వ్యాధి ఆయాసం వచ్చిన రాత్రి పుట్టి తెల్లవారగానే పోయేది కాదు. పిల్లవాడు హాయిగా ఆడుకొనే దినాలలో కూడా ఊపిరితిత్తులలోని సన్నని శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. అట్టి నాళాలకు దుమ్ము, పొగ, చలిగాలి తగిలినా, పడిశం పట్టినా, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొని, జిగురు చేరి, దారి ఇరుకవుతుంది. పిల్లికూతలు ఆ ఇరుకు దారిలో గాలి చేసే చప్పుడే.

హిందూపురం మార్కెట్టులో మిరపకాయల ఘాటు, పెనుకొండలో చలికాలపు కొండగాలి, ధర్మవరంలో మగ్గమూ పొయ్యీ పడకా ఒకే కప్పు క్రింద ఉండే నేతగాని ఇల్లు: మన పిల్లలు పీల్చే గాలి ఇది. దీనినంతటినీ తప్పించుకొమ్మని ఏ తల్లికి చెప్పగలము? కనుక వాపును లోపలనే అణచవలసి ఉన్నది.

ఇన్‌హేలర్లు ముఖ్యంగా రెండు విధాలు. సాల్‌బుటమాల్ బిగుసుకున్న కండరాలను కొద్ది నిమిషాలలో సడలిస్తుంది. వాపును మాత్రం తగ్గించదు. 1972లో బ్రిటనులో వాడుకలోకి వచ్చిన బెక్లోమెథసోన్, ఆ తరువాతి బుడెసొనైడ్ వాపును తగ్గిస్తాయి. అయితే వీటి గుణం కనబడడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. వెంటనే పనిచేసినదే అసలు మందని తలచి, దగ్గు తగ్గిన వారానికే రెండవదానిని అటక ఎక్కిస్తారు. సాల్‌బుటమాల్ ఒక్కదానినే నమ్ముకొని మాటిమాటికీ పీల్చే బిడ్డకు ప్రాణాంతకమైన ఆయాసం వచ్చే ప్రమాదం హెచ్చు. డబ్బా రంగును బట్టి కాక పేరు చదివి మందును గుర్తించాలి. ఇంటిలో ఆ పని చేయగలవారు మన విద్యార్థులే.

మృగశిర కార్తెకు హైదరాబాదులోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబంవారు ఇచ్చే చేపమందుకై వేలాదిమంది వెళుతుంటారు. దాని గుణం శాస్త్రపరీక్షలలో నిరూపితం కాలేదు. అంత శ్రమకోర్చే తల్లిదండ్రుల ప్రేమను మేము శంకించము. దినమూ ఇంటిలో చేయవలసిన రెండు నిమిషాల పనికి ఆ ఓర్పు ఎందుకు చాలడం లేదన్నదే మా విచారం.

అలవాటుపడిపోతారన్న భయం ఉన్నది. ఇది మత్తుమందు కాదు. కొందరు పిల్లల ఎదుగుదల కొద్దిగా మందగించి, పెద్దయిన పిమ్మట సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు తగ్గవచ్చునన్నది నిజమే. అందుచేతనే వ్యాధి కొన్ని నెలలు అదుపులో ఉన్న తరువాత వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు. మనకు మనము మానరాదు.

డబ్బాను నేరుగా నోట పెట్టినచో మందు చాలావరకు గొంతులోనే నిలిచిపోతుంది. స్పేసరు అనే గొట్టం తగిలించి, డబ్బాను బాగా కుదిపి, ఒక్కసారి నొక్కి, అయిదారు నిదానపు శ్వాసలు తీయించాలి. పసివారికి మాస్కు అవసరం. వాపు తగ్గించే మందు పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి ఉమ్మించాలి. లేనిచో నోటిలో తెల్లపూత రావచ్చు.

ఊపిరి తీయునప్పుడు ప్రక్కటెముకల నడుమ చర్మం లోనికి పోతున్నా, బిడ్డ ఒక వాక్యం పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలివర్ణం దాల్చినా తెల్లవారేదాకా ఆగరాదు. దారిలో సాల్‌బుటమాల్ ఇస్తూనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.