గుంపులో మోటారు సైకిళ్ల మధ్య ఎడమెంత?

మనుబోలు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద మోటారు సైకిళ్లు గుంపులుగా పోవడం మీరు చూసే ఉంటారు. అలాంటి గుంపులో ఒకరు చనిపోతే, ‘ముందువాడు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు’ అంటారు తోటివారు. నిజమా? లెక్క వేద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందుబండి ఎర్రదీపం కంటపడి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. అంతసేపూ వెనుకబండి వేగం తగ్గనే తగ్గదు. అందుచేత రెండు బ్రేకులూ సమానంగా పట్టినా, మధ్య 17 మీటర్ల ఎడం లేకుంటే వెనుకబండి ఆగేలోపు ఢీకొనడం ఖాయం. కబుర్లాడుకుంటూ పోయేవారి మధ్య 5 మీటర్లుంటే గొప్ప! హెల్మెట్ తలను కాపాడుతుంది గాని ఎడాన్ని పెంచదు కదా.

అనుభవజ్ఞులు 2 సెకన్ల ఎడం పాటిస్తారు. ముందుబండి కిలోమీటరు రాయిని దాటాక వెనుకబండి అక్కడికి రావడానికి 2 సెకన్లు పట్టాలి. ఇదే వేగంలో అది 33 మీటర్లు.